అరగంటలో నెల వెనక్కి

ఏప్రిల్ నెలాఖరులో లూసెర్న్‌లో పడవెక్కి దాదాపు గంటసేపు సరస్సు మీద సాగితే విట్స్నావ్ అనే చిన్న ఊరు వస్తుంది. రేవు దాటగానే రైల్వే స్టేషను. ఒడ్డు వెంబడి తాటిజాతి చెట్లు, ఆకు విప్పుతున్న చెస్ట్‌నట్‌లు, ఇళ్ళ ముందు రాలుతున్న మాగ్నోలియా రేకులు. సినిమా పాటల్లో చూసిన మంచుదేశం ఇదేనా అనిపిస్తుంది. తలెత్తితే ఊరిని ఆనుకునే లేచిన కొండ, దాని నెత్తిన ఇంకా కరగని తెల్లటి చారలు. ఆ కొండ పేరు రిగి. సరస్సు నీటిమట్టం సముద్రమట్టానికి 434 మీటర్ల ఎత్తున ఉంటే, రిగి శిఖరం 1798 మీటర్ల ఎత్తున ఉంది. ఈ రెంటి నడుమ ఏడు కిలోమీటర్ల పట్టాలను ఎర్ర రైలు అరగంటలో ఎక్కేస్తుంది.

ఆల్ప్స్‌లో ఇంతకంటే ఎత్తయిన కొండలకు కొదవ లేదు. మనవాళ్ళు ఎక్కువగా వెళ్ళే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషను 3454 మీటర్ల ఎత్తున ఉంది. అయినా ఒంటరిగా, ఒక్క రోజులో, ఋతువు మారే తీరును దగ్గరగా చూడాలనుకునేవాళ్ళు ఎవరడిగినా నేను చెప్పేది రిగి పేరే. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌లో ఏడాది పొడవునా మంచే. రిగి మీద ఏప్రిల్, మే నెలల్లో అడుగున ఎండాకాలం మొదలవబోతుంటుంది, పైన చలికాలం ఇంకా పూర్తిగా పోయి ఉండదు. ఆ మధ్యనున్న ప్రతి వంద మీటర్లలోనూ వసంతం ఒక్కో దశలో ఉంటుంది. చెట్లు చిగురించే తేదీలను బట్టి లెక్క వేస్తే, ఈ రైలు మనల్ని అరగంటలో సుమారు నెల రోజులు వెనక్కి తీసుకెళ్తుంది. ఒకప్పుడు ఇంకా ఎక్కువ వెనక్కి తీసుకెళ్ళేది. ఆ తేడా ఎక్కడికి పోయిందన్నది ఈ కొండ చెప్పే విషయాలన్నిటిలోకీ ముఖ్యమైనది.

పట్టాల మధ్య నిచ్చెన

ముందు రైలు సంగతి. బోగీ ఎక్కే ముందు పట్టాల మధ్యకు వంగి చూడండి. రెండు మామూలు పట్టాల నడుమ, నేల మీద పడుకోబెట్టిన ఇనుప నిచ్చెన ఒకటి కొండెక్కుతూ కనిపిస్తుంది. అటూ ఇటూ ఇనుప దూలాలు, వాటి మధ్య పది సెంటీమీటర్లకొకటి చొప్పున అడ్డకమ్మీలు. కమ్మీల మీద నల్లటి గ్రీజు. ఇంజను పన్ను ఆనే అంచు మాత్రం అరిగి తళతళలాడుతుంటుంది. ఏడు కిలోమీటర్ల దారికి ఇలాంటి కమ్మీలు దాదాపు డెబ్భై వేలు. బోగీ కింద ఉన్న పళ్ళ చక్రం ఒక్కో కమ్మీనీ పట్టుకుంటూ రైలును పైకి తీసుకెళ్తుంది.

ఇదంతా ఎందుకంటే ఉక్కు మీద ఉక్కుకు పట్టు తక్కువ. పొడిగా ఉన్న పట్టా మీద చక్రం తన మీద పడే బరువులో సుమారు నాలుగో వంతు బలం దాకా జారకుండా తట్టుకుంటుంది. వాన పడినా, ఆకులు నలిగినా, మంచు పేరుకున్నా అది పదో వంతుకు, ఇంకా కిందికీ పడిపోతుంది. రిగి దారిలో అన్నిటికంటే నిటారైన చోట వాలు 25 శాతం, అంటే నాలుగు మీటర్లు ముందుకు వెళ్తే ఒక మీటరు పైకి. అక్కడ రైలు కదలకుండా నిలబడాలన్నా దాని బరువులో దాదాపు నాలుగో వంతు బలం కావాలి. ఎంత పొడి పట్టా అయినా అక్కడికే దాని శక్తి సరి. మామూలు రైలు కొండెక్కాలంటే ఎత్తును దూరంతో కొనుక్కోవాలి. విశాఖ నుంచి అరకు వెళ్ళే రైలు చేసేది అదే, వంపులు తిరుగుతూ, సొరంగాలు దాటుతూ నిదానంగా పైకి చేరుతుంది. రిగికి అంత చోటు లేదు. సరస్సు ఒడ్డు నుంచే కొండ లేస్తుంది.

దీనికి దారి కనిపెట్టినవాడు నికలస్ రిగెన్‌బాఖ్. 1817లో అల్సాస్‌లో పుట్టి, స్విట్జర్లాండ్‌లోని ఓల్టెన్ రైల్వే వర్క్‌షాపును నడిపిన ఇంజనీరు. నిచ్చెన పట్టాకు 1863లోనే ఫ్రాన్స్‌లో పేటెంటు తీసుకున్నాడు గానీ దాన్ని నమ్మి డబ్బు పెట్టేవాళ్ళు చాలాకాలం దొరకలేదు. ఈలోగా అమెరికాలో సిల్వెస్టర్ మార్ష్ 1869లో మౌంట్ వాషింగ్టన్ మీదికి పళ్ళ రైలు వేసి చూపించాడు. రెండేళ్ళకు, 1871 మే 21న, రిగెన్‌బాఖ్ యాభై నాలుగో పుట్టినరోజున, విట్స్నావ్ నుంచి రైలు బయల్దేరింది. కొండ మీదికి ఇలాంటి రైలు వెళ్ళడం ఐరోపాలో అదే మొదలు. అప్పటికి దారి శిఖరం దాకా లేదు. లూసెర్న్ ప్రాంతం సరిహద్దు దగ్గరే ఆగిపోయింది, ఎందుకంటే ఆపైన ఉన్నది ష్విట్స్ ప్రాంతం, అక్కడ పట్టాలు వేసే హక్కు వేరే కంపెనీకి దక్కింది. శిఖరం దాకా రైలు వెళ్ళింది 1873లో. కొండకు అవతలివైపు నుంచి గోల్డావ్ మీదుగా ఆ రెండో కంపెనీ రైలు 1875లో వచ్చింది. ఈనాటికీ రిగికి రెండు దారులు: విట్స్నావ్ నుంచి ఎర్ర రైలు, గోల్డావ్ నుంచి నీలి రైలు.

తొలి ఇంజన్ల రూపం విచిత్రంగా ఉండేది. బాయిలర్‌ను మామూలుగా పడుకోబెట్టకుండా సీసాలా నిలబెట్టారు, అదీ ఒకవైపుకు వాల్చి. కారణం నీళ్ళు. పడుకోబెట్టిన బాయిలర్ 25 శాతం వాలు ఎక్కితే నీళ్ళన్నీ వెనక్కి చేరతాయి, ముందు భాగంలో మంట తగిలే రేకు నీటి పైకి తేలుతుంది. నీటి చల్లదనం అందని ఆ రేకు ఎర్రగా కాలి మెత్తబడితే బాయిలర్ పేలుతుంది. వాల్చి నిలబెట్టిన బాయిలర్ కొండెక్కేటప్పుడు నిటారుకు వస్తుంది, నీరు రేకును కప్పే ఉంటుంది. ఇంకో జాగ్రత్త, ఇంజను ఎప్పుడూ బోగీకి దిగువవైపునే ఉండి పైకి నెట్టేది. మధ్య లంకె తెగినా బోగీ ఒంటరిగా కిందికి పరుగెత్తే ప్రమాదం లేదు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది ఆయన బ్రేకు. అంత బరువైన రైలు 1300 మీటర్లు దిగేటప్పుడు చక్రాలకు చెక్కలు ఒత్తి ఆపుతూ పోతే చెక్కలు కాలిపోతాయి. రిగెన్‌బాఖ్ ఇంజను సిలిండర్లనే బ్రేకుగా మార్చాడు. దిగేటప్పుడు ఆవిరి ఆపేసి, సిలిండర్లలోకి బయటి గాలిని పీల్చనిచ్చాడు. పిస్టన్ ఆ గాలిని నొక్కాలి, నొక్కుడుపడ్డ గాలి పిస్టన్‌ను ఎదిరిస్తుంది, ఆ ఎదురు బలమే రైలును పట్టి ఉంచుతుంది. అలా నొక్కినప్పుడు గాలి విపరీతంగా వేడెక్కుతుంది, అందుకని సిలిండర్లలోకి నీళ్ళు చిమ్మేవారు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, గాలిని నొక్కితే వేడెక్కుతుంది, విప్పారనిస్తే చల్లబడుతుంది. కాసేపట్లో కొండంతా ఇదే సూత్రం మీద నడుస్తుంది.

ఈ రిగెన్‌బాఖ్‌కు మన దక్షిణాదితోనూ సంబంధం ఉంది. నీలగిరి కొండల మీదికి రైలు ఎలా వేయాలో తెలియక తర్జనభర్జన పడుతున్న రోజుల్లో, 1882లో, ఆయన పళ్ళ రైలుకు అంచనా వేసి ఇచ్చాడు. అప్పట్లో నీలగిరీ, మన కోస్తా జిల్లాలూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. చివరికి మేట్టుపాళయం నుంచి కూనూరుకు 1899లో వేసిన దారికి ఆయన దగ్గర పనిచేసిన రోమన్ ఆప్ట్ రూపొందించిన పద్ధతి తీసుకున్నారు. అక్కడ వాలు పన్నెండుకు ఒకటి, రిగి కంటే మూడింతలు నెమ్మది. ఆ దారిలో నడిచిన ఆవిరి ఇంజన్లలో చాలావి వింటర్‌టూర్ నగరంలోని స్విస్ కర్మాగారంలో తయారయ్యాయి. అదే కర్మాగారం 1873లో తన మొట్టమొదటి ఇంజనుగా చేసి ఇచ్చింది రిగి ఏడో నంబరు ఇంజను. ఊటీ రైలెక్కినవాళ్ళు ఎప్పుడైనా విట్స్నావ్ వెళ్తే, పట్టాల మధ్య ఆ పళ్ళను చూసి ఇది మనకు తెలిసిన బంధువే అనుకుంటారు.

సూర్యుడికి దగ్గరైతే చలెందుకు

రైలు కదిలిన కొద్ది నిమిషాలకే చెస్ట్‌నట్‌లు వెనకబడతాయి. కిటికీ తెరిచి ఉంటే గాలి చల్లబడటం ముఖానికి తెలుస్తుంది. పైకి పోయేకొద్దీ సూర్యుడికి దగ్గరవుతాం కదా, వేడి పెరగాలి కదా అని పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. సూర్యుడు పదిహేను కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, మనం దగ్గరైంది ఒకటిన్నర కిలోమీటరు కూడా కాదు. పైగా ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడిచెయ్యదు. ఎండ నేలను కాలుస్తుంది, నేల తన మీదున్న గాలిని వేడిచేస్తుంది. వేడెక్కిన గాలి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ, కాబట్టి ఆ గాలి విప్పారుతుంది. విప్పారడానికి తనలోని వేడినే ఖర్చు పెడుతుంది. రిగెన్‌బాఖ్ సిలిండర్లో జరిగినదానికి సరిగ్గా తలకిందులు.

పొడి గాలి కిలోమీటరు లేస్తే దాదాపు పది డిగ్రీలు చల్లబడుతుంది. తేమ ఉన్న గాలిలో మేఘం కట్టడం మొదలైతే ఆవిరి నీటిబొట్లుగా మారుతూ తన గుప్తోష్ణాన్ని వదులుతుంది, అప్పుడు తగ్గుదల ఆరు డిగ్రీల దగ్గరకు దిగుతుంది. రెండూ కలిసిన సగటు ఆరున్నర. ఆ లెక్కన విట్స్నావ్‌లో 18 డిగ్రీలుంటే శిఖరం మీద 9 ఉండాలి. రోజూ ఇలాగే ఉంటుందని కాదు. గాలి కదలని కొన్ని రాత్రుల తర్వాత బరువైన చల్లగాలి లోయలో మడుగు కడుతుంది, కింద పొగమంచు, పైన ఎండ. అలాంటి ఉదయాల్లో రిగి మీదే వెచ్చగా ఉంటుంది.

బీచ్ చెట్ల దగ్గర

దారి మధ్యలో, సుమారు వెయ్యి మీటర్ల దగ్గర, ఒక గీత కనిపిస్తుంది. గీతకు దిగువన బీచ్ చెట్లు లేతాకు పచ్చగా ఉంటాయి, ఆకు ఎంత పల్చగా ఉంటుందంటే ఎండ దాన్ని దాటి వస్తుంది. గీతకు పైన అవే బీచ్ చెట్లు బోడిగా, గోధుమరంగు మొగ్గలతో నిలబడి ఉంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈ గీత రోజూ కొంచెం కొంచెం పైకి పాకుతుంది. వసంతం అనే మాటకు ఇంత స్పష్టమైన సరిహద్దు నేను ఇంకెక్కడా చూడలేదు.

స్విస్ వాళ్ళకు ఈ సరిహద్దును రాసి పెట్టుకునే అలవాటు పాతది. జెనీవాలో చెస్ట్‌నట్ చెట్టుకు తొలి ఆకు విప్పిన రోజును 1808 నుంచి ఏటా నమోదు చేస్తున్నారు. 1951 నుంచి దేశమంతటా, లోయల్లోనూ కొండల మీదా, పరిశీలకులు ఎక్కడ ఏ చెట్టు ఎప్పుడు చిగురించిందో రాసి పంపుతున్నారు. ఇన్నేళ్ళ లెక్కలను జోడించి చూసిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. 1960లో వెయ్యి మీటర్లు పైకి పోతే చెట్లు చిగురించడం సగటున 34 రోజులు ఆలస్యమయ్యేది. 2016 నాటికి ఆ ఆలస్యం 22 రోజులకు పడిపోయింది. దీన్ని రిగికి వర్తింపజేస్తే, సరస్సు నుంచి శిఖరం ఎత్తుకు ఒకప్పుడు నెలన్నర తేడా, ఇప్పుడు నెల. తాతల కాలంలో ఇదే రైలు, ఇదే దూరం పోయి, ఇంకో పదిహేను రోజుల వెనకటి వసంతాన్ని చూపించేది.

వాతావరణం వేడెక్కుతోంది కాబట్టి అంతటా చిగురు ముందుకొచ్చింది, అంతే కదా అనుకోవచ్చు. అంతటా ఒకేలా ముందుకొస్తే తేడా మారకూడదు. పైన ఎక్కువగా ముందుకొచ్చింది, కింద తక్కువగా. ఇక్కడే చెట్టు తెలివి కనిపిస్తుంది. బీచ్ లాంటి చలిదేశపు చెట్టు వెచ్చదనం తగలగానే చిగురించదు. జనవరిలో నాలుగు రోజులు ఎండ కాస్తే మోసపోయి ఆకు వేస్తే, ఆపైన వచ్చే మంచు దాన్ని చంపేస్తుంది. అందుకని మొగ్గ ముందు తగినంత చలిని అనుభవించాలి. ఇన్ని వారాల చలి గడిచిందన్న లెక్క పూర్తయ్యాకే వెచ్చదనానికి స్పందిస్తుంది. శీతాకాలాలు మెత్తబడ్డ లోయల్లో ఈ చలి లెక్క ఆలస్యంగా పూర్తవుతోంది, కొన్నిచోట్ల అరకొరగానే మిగులుతోంది. అందువల్ల వసంతం త్వరగా వచ్చినా మొగ్గ అంత త్వరగా విచ్చదు. పైన చలికి ఇప్పటికీ లోటు లేదు, లెక్క ఎప్పుడో పూర్తయి ఉంటుంది, వెచ్చదనం వచ్చీరాగానే చిగురిస్తుంది. కింద చలి చాలక వెనకబాటు, పైన వెచ్చదనం పెరిగి తొందర, రెండూ కలిసి కొండను కుదించాయి.

కొండల్లో ఈ తేడా మీద ఆధారపడి బతికే ప్రాణులున్నాయి. లోయలో చిగురు ముదిరాక పైకి, అక్కడా ముదిరాక ఇంకా పైకి, లేత మేతను వెంబడిస్తూ జింకలు కొండెక్కుతాయి. పురుగులూ, వాటిని తినే పక్షులూ అంతే. వసంతం మెట్టుమెట్టుగా వస్తే వాటికి లేత మేత చాలా రోజులు దొరుకుతుంది. ఒకేసారి వచ్చి వెళ్ళిపోతే ఆ రోజులు తగ్గుతాయి. పదిహేను రోజుల తేడా మనకు పెద్ద లెక్కలోది కాకపోవచ్చు, పిల్లలను పెంచుతున్న పక్షికి అదే సగం బతుకు.

ఒంటరిగా, మంచు అంచున

రైలును శిఖరం దాకా వాడుకోవద్దు. 1450 మీటర్ల దగ్గర కాల్ట్‌బాడ్ స్టేషను వస్తుంది, అక్కడ దిగండి. అక్కడి నుంచి ష్టాఫెల్ మీదుగా రిగి కుల్మ్ అనే శిఖరానికి సుమారు మూడున్నర వందల మీటర్ల ఎక్కుడు. స్విట్జర్లాండ్‌లో నడకదారుల పసుపుపచ్చ పలకల మీద కిలోమీటర్లు రాయరు, ఎన్ని గంటలో ఎన్ని నిమిషాలో రాస్తారు. కొండలో దూరం కంటే ఎత్తే కాలాన్ని తింటుంది కాబట్టి ఇదే సరైన పద్ధతి. స్కాట్లండ్ కొండలెక్కిన విలియం నైస్మిత్ 1892లో ఒక సూత్రం చెప్పాడు, మన కొలతల్లో చెప్పాలంటే ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఆపైన ప్రతి ఆరువందల మీటర్ల ఎక్కుడుకూ ఇంకో గంట. అలవాటు లేనివాళ్ళు దానికి మరో సగం కలుపుకోవాలి. డెబ్భై కిలోల మనిషి ఈ మూడున్నర వందల మీటర్లు ఎక్కడానికి నికరంగా చేసే పని 57 కిలోకేలరీలే. కానీ కండరం తాను వాడే శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మార్చలేదు, మిగతాదంతా వేడి. అందుకే తొమ్మిది డిగ్రీల చలిలోనూ స్వెటర్ విప్పేస్తాం, ఆగగానే వణుకుతాం. ఆగకముందే తొడుక్కోవడం మంచిది.

ఒంటరిగా వెళ్ళమని ఎందుకంటున్నానంటే, పక్కన మనిషి ఉంటే నడక మాటల వేగంతో సాగుతుంది. ఒక్కళ్ళే ఉంటే మంచు అంచు దగ్గర మోకాళ్ళ మీద కూర్చోవచ్చు, ఎవరూ పదమని పిలవరు. ఆ అంచులోనే ఉంది అసలు సంగతి. కరుగుతున్న మంచు చివర రెండు మూడు సెంటీమీటర్ల మందాన గాజురేకులా పల్చబడుతుంది. దాని కిందుగా చూస్తే చిన్న గుహ, గుహలో సోల్డనెల్లా మొక్క. ఊదారంగు గంట ఆకారపు పువ్వు, అంచులంతా కత్తిరించిన కుచ్చులు. కొన్నిచోట్ల అది మంచును పొడుచుకుని పైకే వచ్చి ఉంటుంది, చుట్టూ వేలి మందాన గుండ్రటి రంధ్రంతో. పల్చటి మంచు గుండా కాంతి లోపలికి పోతుంది, ముదురురంగు మొగ్గ ఆ కాంతిని తాగి వేడెక్కుతుంది, చుట్టూ ఉన్న మంచు కరుగుతుంది. ఆ మొగ్గ ఈ ఏడాది కట్టింది కాదు. కిందటి ఎండాకాలంలోనే తయారై, చలికాలమంతా మంచు కింద సిద్ధంగా కూర్చుంది. ఎండాకాలం కొద్ది నెలలే ఉండే చోట, మంచు కరిగాక మొగ్గ కట్టడం మొదలుపెడితే విత్తనానికి సమయం చాలదు.

దాని పక్కనే తెలుపూ ఊదా రంగుల్లో క్రోకస్ పూలు, మంచు వదిలిన చెమ్మనేల మీద వేల సంఖ్యలో. గడ్డి ఇంకా లేవలేదు, ఆవుల మందలు కొండెక్కడానికి ఇంకా వారాలున్నాయి. క్రోకస్ సరిగ్గా ఆ సందులో పూసి, తుమ్మెదలను పిలిచి, గడ్డి లేచేసరికి పని ముగించుకుంటుంది. మబ్బు కమ్మితే రేకులు ముడుస్తుంది, ఎండ రాగానే విప్పుతుంది. నీడలో కూర్చుని చూస్తే పది నిమిషాల్లో తేడా తెలుస్తుంది.

మంచు అంచు ఎక్కడుంటుందన్నది ఎత్తు ఒక్కటే తేల్చదు, వాలు ఎటు తిరిగి ఉందో కూడా తేలుస్తుంది. దక్షిణం వాలు మీద ఎండ నిటారుగా పడుతుంది, ఉత్తరం వాలు మీద ఏటవాలుగా జారిపోతుంది. మన ఊళ్ళలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు కాబట్టి ఈ తేడా పెద్దగా పట్టించుకోం. 47 డిగ్రీల అక్షాంశం మీద ఒకే గుట్టకు ఒకవైపు పూలు, నాలుగడుగుల అవతల మోకాలిలోతు మంచు.

ఒంటరి నడకకు జాగ్రత్తలు ఇక్కడే పుడతాయి. పగలు కరిగిన నీరు మంచులోకి ఇంకుతుంది, తేటగా ఉన్న రాత్రి ఆకాశంలోకి వేడి పోయి అది గడ్డకడుతుంది. పొద్దున్నే మంచు గట్టిగా, జారుడుగా ఉంటుంది. మధ్యాహ్నానికి మెత్తబడి కాలు దిగబడుతుంది, నిటారు వాలుల మీద తడిసిన మంచు మొత్తంగా జారుతుంది. నీడలో ఉన్న ఉత్తరం వాలు మీద దారి మంచులో కలిసిపోతే ముందుకు వెళ్ళకండి. శిఖరం ఉత్తరపు అంచున గాలి పేర్చిన మంచు శూన్యంలోకి చూరులా పొడుచుకువచ్చి ఉంటుంది, పైనుంచి చూస్తే నేలలాగే కనిపిస్తుంది, కింద ఏమీ ఉండదు. పసుపు పలకల దారి అందరికీ, తెలుపు-ఎరుపు-తెలుపు గీతలున్నది కొండనడక అలవాటున్నవాళ్ళకు, తెలుపు-నీలం-తెలుపు గీతలున్నది తాళ్ళూ అనుభవమూ ఉన్నవాళ్ళకు మాత్రమే. ఎటు వెళ్తున్నారో, ఏ రైలుకు తిరిగొస్తారో ఎవరికైనా చెప్పి వెళ్ళండి. ఆపద వస్తే హెలికాప్టర్ సాయం చేసే రేగా సంస్థ నంబరు 1414. రిగిని ఎంచుకోమనడానికి ఇంకో కారణం కూడా ఇదే. ఇక్కడ రైలుదారి నడకదారికి పక్కపక్కనే పోతుంది, మంచు ఎక్కువైనా, మబ్బు పట్టినా, మోకాలు మొరాయించినా కొద్దిదూరంలోనే స్టేషను. ఒంటరిగా కొండను నేర్చుకునేవాళ్ళకు అంతకంటే మంచి బడి లేదు.

ఎండను కూడా తక్కువ అంచనా వెయ్యొద్దు. కిలోమీటరు ఎత్తుకు అతినీలలోహిత కిరణాలు సుమారు పదో వంతు పెరుగుతాయి. తాజా మంచు వాటిలో ఎనభై శాతం దాకా తిరిగి మన మీదికే పంపుతుంది. గడ్డం కింద, ముక్కుపుటాల దగ్గర చర్మం కాలేది అందుకే. మన చర్మానికి ఏమీ కాదనుకునేవాళ్ళకైనా కళ్ళకు నల్లద్దాలు తప్పనిసరి.

శిఖరం మీద గాలి ఒత్తిడి సరస్సు ఒడ్డున ఉన్నదానికంటే తక్కువ, సముద్రమట్టంలో ఐదింట నాలుగు వంతులు. నీళ్ళు 94 డిగ్రీలకే మరుగుతాయి. ఊపిరి కొంచెం వేగంగా ఆడుతుంది గానీ ఎత్తు జబ్బు సాధారణంగా 2500 మీటర్లు దాటాకే. కింద మూడు సరస్సులు, లూసెర్న్, జూగ్, లావెర్ట్స్. వాటి పడకలను తొలిచినవి మంచుయుగపు హిమానీనదాలు. అప్పట్లో ఈ లోయలన్నీ మంచుతో నిండి, రిగి శిఖరం ఆ మంచులోంచి దీవిలా పైకి తేలి ఉండేది.

ఎప్పుడైనా దక్షిణపు కొండలు చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా, ఒక్కో పగులూ కనిపించేంత స్పష్టంగా ఉంటే, వెచ్చని గాలి వీస్తుంటే, అది ఫోయెన్ గాలి. ఇటలీ వైపు నుంచి వచ్చే తేమగాలి ఆల్ప్స్ ఎక్కేటప్పుడు అక్కడే వాన కురిపిస్తూ కిలోమీటరుకు ఆరు డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. ఇవతలికి పొడిగా దిగేటప్పుడు నొక్కుకుపోతూ పది డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది. రెండు కిలోమీటర్లు ఎక్కి, రెండు కిలోమీటర్లు దిగేసరికి ఎనిమిది డిగ్రీలు లాభం. మళ్ళీ రిగెన్‌బాఖ్ సిలిండరే. ఈ గాలి మంచును ఒక్క రాత్రిలో తినేస్తుంది, సరస్సును అల్లకల్లోలం చేస్తుంది. ఒడ్డున నారింజరంగు దీపాలు నిమిషానికి నలభైసార్లు మిణుకుమంటే పడవలకు జాగ్రత్త హెచ్చరిక, తొంభైసార్లయితే తుపాను హెచ్చరిక. శిఖరం నుంచి ఆ దీపాలు కనిపిస్తే పడవ ప్రయాణం మానుకుని నీలి రైలెక్కండి.

గోల్డావ్ వైపు

ఫోయెన్ లేకపోయినా దిగడానికి నేను నీలి రైలునే చెబుతాను. ఎక్కే ముందు శిఖరం పక్కన బయటపడ్డ రాతిని చేత్తో తడిమి చూడండి. నున్నటి గులకరాళ్ళు, కోడిగుడ్డంతవి, తలకాయంతవి, బూడిదవి, ఎర్రవి, సున్నపు సిమెంటులో పొదిగినట్టు ఇరుక్కుని ఉంటాయి. దీన్ని స్థానికంగా నాగెల్‌ఫ్లూ అంటారు. గులకరాయి నున్నబడేది నదిలోనే. అంటే 1798 మీటర్ల ఈ శిఖరం ఒకప్పుడు నది అడుగు. మూడు కోట్ల ఏళ్ళ కిందటి నుంచి, అప్పుడే లేస్తున్న ఆల్ప్స్ నుంచి దూకిన నదులు పర్వతపాదంలో రాళ్ళను విసనకర్ర ఆకారంలో గుట్టలు పోశాయి, అవి వేల మీటర్ల మందాన పేరుకున్నాయి. తర్వాత ఉత్తరానికి తోసుకొచ్చిన ఆల్ప్స్ ఆ పొరలను నెట్టి, లేపి, దక్షిణానికి వాలేలా తిప్పేసింది. రిగి ఉత్తరాన నిటారు గోడలా ఉండటం, దక్షిణాన వాలుగా ఉండటం ఆ వాలు పొరల వల్లే.

ఎదురుగా లోయకు అవతల రోస్‌బెర్గ్ అనే కొండ ఉంది. అవే పొరలు, అదే దక్షిణపు వాలు. తేడా ఏమిటంటే ఆ పొరలు వాలేది సరిగ్గా గోల్డావ్ లోయలోకి. గులకరాతి పొరల మధ్య మధ్య మెత్తటి సున్నపు బంకమట్టి పొరలుంటాయి. వానలకు నీరు పగుళ్ళగుండా దిగి ఆ మట్టిని నానబెడితే, పైనున్న రాతిపలక కింద పట్టు తప్పుతుంది. 1806 సెప్టెంబర్ 2 సాయంత్రం, బాగా వానలు పడ్డాక, అదే జరిగింది. సుమారు నాలుగు కోట్ల ఘనపు మీటర్ల రాయి ఒక్కసారిగా జారి గోల్డావ్‌ను, చుట్టుపక్కల పల్లెలను కప్పేసింది. 457 మంది చనిపోయారు. రాళ్ళు లావెర్ట్స్ సరస్సులోకి తోసుకుపోయి లేపిన అల అవతలి ఒడ్డు ఇళ్ళను కొట్టింది. రైల్లోంచి రోస్‌బెర్గ్ మీద ఆ గాయం ఇప్పటికీ పొడవాటి బోడి పలకలా కనిపిస్తుంది.

రైలు దిగుతున్నంతసేపూ కింద మోటార్లు జనరేటర్లుగా తిరుగుతూ కరెంటును తీగలకు పంపుతుంటాయి. రిగెన్‌బాఖ్ నీళ్ళు చిమ్మి పారబోసిన శక్తి ఇప్పుడు ఎదురొచ్చే రైలును ఎక్కించడానికి సాయపడుతోంది. మీ తొడ కండరాలకు ఆ సదుపాయం లేదు. నడిచి దిగితే సాగుతూనే బరువు ఆపాల్సి వచ్చి వాటి నారల్లో సన్నటి చిరుగులు పడతాయి, నొప్పి మర్నాడు కాక ఆ మర్నాడు ఎక్కువవుతుంది. అందుకే మొదటిసారి వెళ్ళేవాళ్ళు నడిచి ఎక్కి రైల్లో దిగడమే మేలు.

గోల్డావ్‌లో జూరిచ్ వైపు రైళ్ళు తరచుగానే ఉంటాయి. తొందర లేకపోతే స్టేషను దగ్గరే ఉన్న జంతు పార్కు వైపు వెళ్ళండి. ఇళ్ళంత బండలు చెట్ల మధ్య ఎలా పడితే అలా పడి ఉంటాయి, వాటి సందుల్లో జింకలు మేస్తుంటాయి. 1806లో జారిపడ్డ బండలే అవి. దగ్గరికెళ్ళి చూస్తే వాటిలోనూ అవే నున్నటి గులకరాళ్ళు. కొన్ని ఊడిపోయిన చోట వేలు పట్టే గుంటలున్నాయి, వాటిలో నాచు మొలిచింది.